ట్రయంఫ్ బోనవిల్ టీ120 గేర్‌బాక్స్‌కి ఏ ఆయిల్?

1963 నుంచి వచ్చిన యూనిట్ 650 ఇంజిన్ల (ఇంజిన్, గేర్‌బాక్స్ ఒకే కేసింగ్‌లో ఉండే 650 సీసీ రకం) సంగతి ఇది. గేర్‌బాక్స్ ఆయిల్ ఇంజిన్ ఆయిల్‌తో కలవదు, విడిగా పోయాలి. నేను వాడేది జీఎల్-4 రకం (గేర్ ఆయిల్ నాణ్యతా శ్రేణి), 80డబ్ల్యూ-90 చిక్కదనం ఉన్న గేర్ ఆయిల్. జీఎల్-5 వద్దంటాను: అందులో గంధకం పాళ్లు ఎక్కువ, కొన్ని రకాలు వేడికి కంచు బుష్‌లను తినేస్తాయి.

బండి కాస్త తిప్పి, వేడి మీదే పాత ఆయిల్ దించండి. పట్టేది సుమారు 500 మి.లీ. డ్రెయిన్ ప్లగ్ బిగించి, దాని మధ్యలోని చిన్న స్క్రూ మాత్రం తీసి, బండిని నిటారుగా నిలబెట్టి పోయండి. స్క్రూ రంధ్రంలోంచి కారడం మొదలైతే చాలు. చుక్కలు ఆగాక బిగించండి. సైడ్ స్టాండ్ మీద కొలత తప్పుతుంది.

చైన్ స్ప్రాకెట్ వెనక కారుతుంటే 140 చిక్కటి ఆయిల్ పోయకండి. గేర్లు బరువెక్కుతాయి, కారడం ఆగదు. మార్చాల్సింది ఆయిల్ సీల్.