పాత హాస్టల్ బాగుచేయాలంటే ముందు ఒక ఏడాదిని ఎంచుకోండి

అనంతపురంలో నేను డిగ్రీ మూడేళ్లూ ఉన్న హాస్టల్‌ని పాత విద్యార్థులం కలిసి, ఒకప్పుడు ఎలా ఉండేదో అలాగే కనబడేలా బాగుచేసుకున్నాం. ఓవర్సీరుగా రిటైరైనవాణ్ణి కాబట్టి పని చూసే బాధ్యత నాకు అప్పగించారు. రెండు చలికాలాలు పట్టింది. మీ ఊళ్లోనూ ఇలాంటి కట్టడం ఉండి, ఎవరైనా పూనుకుంటే పనికొస్తుందని రాస్తున్నాను.

సున్నం, కలప సంగతి తర్వాత. ముందు ఏడాది తేల్చుకోండి. ‘పాతకాలం’ అనుకుని మొదలుపెడితే లాంతరు, గ్రామఫోను, టైపు మిషను, ఎవరింట్లో ఏది మూలన పడుంటే అది గదిలోకి వచ్చేస్తుంది. మేం 1956-57 పట్టుకున్నాం. ఆ ఏడాది అక్కడ చదివిన ఇద్దరు పెద్దలు ఇంకా ఉన్నారు, అడిగితే చెబుతారు. పైగా ఆ ఒక్క ఏడాదిలోనే 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకి పోయింది, 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. ఏడాది తేలాక సగం వాదనలు ఆగిపోయాయి. గోడకి రాష్ట్రపటం పెట్టాలన్నా నవంబరుకి ముందుదా, తర్వాతదా అన్నదొక్కటే ప్రశ్న.

కట్టడంలో మొదట చూడాల్సింది నీళ్లు ఎక్కడ దిగుతున్నాయో. మా పైకప్పు మద్రాస్ టెర్రస్. టేకు దూలాల మీద సన్నటి ఇటుకల్ని నిలువుగా, ఐమూలగా పేర్చి, పైన ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి దిమ్మిస కొట్టి, ఆపైన పలచటి పెంకులు పరుస్తారు. ఎప్పుడో ఒక కాంట్రాక్టరు దానిమీద మందంగా సిమెంటు పోశాడు. సిమెంటుకి పగుళ్లొచ్చాయి, దిగిన నీళ్లు బయటికి పోయే దారి లేక కింద దూలాల కొసల్లో చేరాయి. సుత్తితో దూలం పొడవునా తట్టుకుంటూ వెళ్లండి. గట్టి చోట ఖంగుమంటుంది, చెదలు తిన్నచోట డొల్ల శబ్దం వస్తుంది. మాకు పదకొండు దూలాల్లో మూడే చెడ్డాయి, అవి కూడా గోడలోకి దిగిన కొసల దగ్గరే. దూలం మొత్తం తీసేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, వినకండి. కుళ్లిన కొస కోసి అంతవరకే పాత టేకుతో అతుకు వేయించాం.

సున్నం పనికి తొందర పనికిరాదు. కాల్చిన సున్నపురాయిని గుంటలో నీళ్లు పోసి తడిపితే బుసబుసమని పొంగుతుంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేనివాళ్లని దగ్గరికి రానివ్వొద్దు, చిందితే కళ్లు పోతాయి. ఆ సున్నాన్ని కనీసం నెలరోజులు నీళ్ల కింద ఉంచాలి. ఇంకోపక్క తొట్టిలో కరక్కాయలు దంచి వేసి, బెల్లం కలిపి రెండు వారాలు నానబెట్టండి. పులిసిన వాసన రావాలి. ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు ఇసుక వేసి, గానుగలో నలిపేటప్పుడు ఈ నీళ్లు పోస్తాం. మా వైపు ఎద్దు గానుగ దొరకలేదు, మోటారుతో తిరిగే గానుగ పెట్టించాం. అనంతపురం ఎండకి గోడ పైపైన ఎండిపోయి బీటలిస్తుంది. అందుకే పూత పని కార్తీకంలో మొదలుపెట్టి మాఘానికి ముగించండి, పూసిన గోడకి తడి గోనెపట్టాలు వేలాడదీయండి.

కింద పరిచినవి తాడిపత్రి బండలు. వాటిని యాసిడ్‌తో కడగనివ్వకండి. అది సున్నపురాయి జాతి, యాసిడ్ పడితే పైపొర నురగలా పొంగి నునుపు పోతుంది. సబ్బునీళ్లు, కొబ్బరి పీచు చాలు.

ఇక గోడలు గీకే పని. దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను. ఏడో గదిలో అలమర పక్కనున్న చిన్న గూటిలో మేస్త్రీ ఇనుప బ్రష్ పెట్టబోతుంటే ఆపాను. ముందు అరచేతి మేర చోటులో చిన్న బ్లేడుతో ఒక్కో పొరనే మెట్లుగా తీసుకుంటూ వెళ్లాను. పైన క్రీమ్ రంగు డిస్టెంపరు, కింద లేత ఆకుపచ్చ, దాని కింద నీలిమందు కలిపిన వెల్ల. ఆ నీలం మీద బొగ్గుతో గీతలు కనబడ్డాయి. నాలుగు నిలువు గీతలు, అడ్డంగా ఒకటి. పక్కన ‘పంచెలు’, కింద ‘చొక్కాలు’, ఆ కింద ‘తువాళ్లు’. చాకలికి వేసిన బట్టల లెక్క. తువాళ్ల ఎదురుగా గీతలు మూడే, ఒకటి కొట్టేసి ఉంది. ఆ రోజు ఒక తువాలు తిరిగి రాలేదన్నమాట. మేస్త్రీ చాలాసేపు దాన్నే చూసి, “సార్, ఈ గూడు నేను ముట్టను” అన్నాడు. పెద్దల్లో ఒకాయనకి ఫోటో చూపిస్తే చేతిరాత ఎవరిదో చెప్పలేకపోయాడు గానీ, తామంతా అలాగే రాసుకునేవాళ్లమన్నాడు. ఆ గూటిని అలాగే ఉంచాం. కాబట్టి ఏ గదిలోనైనా గూళ్లు, తలుపుల వెనక భాగం, మంచం తలవైపు గోడ మీరే స్వయంగా చూడండి. మనుషులు చేయి చాచి రాసుకునే చోట్లు అవే.

ఇక లోపలి జీవితం. సామాన్లు కొనడానికి ముందు పెద్దల దగ్గర కూర్చోండి. “హాస్టల్ ఎలా ఉండేది” అని అడిగితే “బాగుండేదప్పా” అంటారు, అంతే. “పొద్దున లేచాక మొదట ఏం ముట్టుకునేవాళ్లు?” అని అడగండి. మాకు అలా బావి గిలక, చేద తాడు, పళ్లపొడి పొట్లం, తాళం చెవి కట్టిన జంధ్యం, మొలతాడు వచ్చాయి. డబ్బు గురించి అడిగితే ఇంకొకాయన గొంతు పెరిగింది: “అణాకి ఆరు నయాపైసలే ఇస్తిరి. ఆరుంపావు కదా! ఆ పావు యాడికి పోయె?” రూపాయికి పదహారణాలు, నూరు నయాపైసలు, లెక్క ఆయన చెప్పినట్టే. మా మెస్ గోడమీది ధరల పలకలో అందుకే అణాలే రాయించాం. కొలతలు కూడా మానిక, సేరు, వీశె. కిలోలు రాస్తే తప్పవుతుంది.

భోజనం వారానికి ఒకరోజు పెడతాం. రాగిసంగటి, ఊరుబిండి, పచ్చిపులుసు, మజ్జిగ. సాయంత్రం ఉగ్గాని, బజ్జీ.

భోజనశాల దగ్గర మాలో మాకు గట్టి వాదన జరిగింది. 1955లోనే అంటరానితనాన్ని నేరంగా చూసే చట్టం వచ్చింది. అయినా 1956-57లో కూడా తమ పళ్లేలు విడిగా, గడప పక్కన ఉండేవని పెద్దల్లో ఒకాయన చెప్పాడు. అది చూపిస్తే పేరు పోతుందని కొందరన్నారు. నేను ఒప్పుకోలేదు. బావి గిలకని అంత శ్రద్ధగా పెట్టి, ఆయన పళ్లేన్ని దాచేస్తే మేం చేసిందంతా అబద్ధం. ఆ మూడు సత్తు పళ్లేలు గడప పక్కనే ఉన్నాయి. ప్రారంభం రోజు ఆయన్ని పిలిచి పంక్తి మొదట్లో కూర్చోబెట్టాం. తినేముందు లేచి వెళ్లి ఆ పళ్లేల్ని ఒకసారి చేత్తో తుడిచి వచ్చాడు.

చివరగా ఒక నోటుపుస్తకం పెట్టండి. ఏది అసలుది, ఏది ఇప్పుడు చేయించింది అందులో రాయండి. మాది ఏడో గది బల్లమీద ఉంటుంది. ట్రంకు పెట్టె 1956 నాటిది, ఒక కుటుంబం ఇచ్చింది. మంచం కొత్తగా నేయించింది. కిటికీ చువ్వలు పాతవి, గొళ్లెం కొత్తది. గూటిలో బొగ్గు గీతలు ఎవరివో తెలియదు.