పిల్లల పక్కన కూర్చుని చదివిద్దాం – నాలుగో పాఠం: తప్పు వినపడగానే

పోయిన పాఠంలో గుణింతాల గురించి చెప్పుకున్నాం. "కకు దీర్ఘమిస్తే కా, కకు గుడిస్తే కి" అని పాటలా అప్పజెప్పే పిల్లలు, మధ్యలో ఒక అక్షరం మీద వేలు పెట్టి అడిగితే ఎందుకు ఆగిపోతారో చూశాం. వరస తప్పించి అడగమని ఇంటిపని కూడా ఇచ్చాను. చేసినవాళ్లు ఒక సంగతి గమనించే ఉంటారు. ఎత్వం, ఏత్వం దగ్గర, ఒత్వం, ఓత్వం దగ్గర పిల్లలు ఎక్కువ తడబడతారు. 'మెడ'ను 'మేడ' అంటారు, 'కోడి'ని 'కొడి' అంటారు. అది కుదురుకోవడానికి ఇంకొన్ని వారాలు పడుతుంది. అప్పటిదాకా ఆగనక్కర్లేదు, ఆ సాధన సాగుతుండగానే ఈ పాఠం మొదలుపెట్టవచ్చు.

ఈ వారం నేర్చుకోవాల్సింది మనం. పిల్ల పైకి చదువుతుంటే పక్కన కూర్చుని ఎట్లా వినాలి, తప్పు వినపడగానే ఏం చెయ్యాలి అన్నదే పాఠం. ముప్పై ఏళ్లకు దగ్గరగా ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లలకు చదువు చెప్పాను. ఇప్పుడు హన్మకొండలో మా ఇంటి వాకిట్లో సాయంత్రం పూట మనవరాలితో పాటు వాడకట్టు పిల్లలు నలుగురైదుగురు కూర్చుంటారు. ఇక్కడ రాసేదంతా ఆ పిల్లల దగ్గర చూసిందే.

ఐదు లెక్కపెట్టండి

చాలా ఇళ్లలో ఇట్లా జరుగుతుంది. అమ్మ వంటింట్లో కూర తరుగుతుంటుంది. పిల్లవాడు గడప దగ్గర కూర్చుని చదువుతుంటాడు. "పుస... పుస..." అని ఆగుతాడు. అమ్మ లోపలి నుంచే "పుస్తకం!" అంటుంది. వాడు "పుస్తకం" అని ముందుకు పోతాడు. అమ్మకు తాను సాయం చేశానన్న తృప్తి, వాడికి గండం గడిచిన సంతోషం. మర్నాడు అదే పదం దగ్గర వాడు పుస్తకం వైపు చూడడు, తల ఎత్తి అమ్మ మొహం వైపు చూస్తాడు. ఆగితే చాలు, ఎవరో ఒకరు చెప్తారని వాడికి తెలిసిపోయింది.

కాబట్టి పిల్ల ఆగగానే నోరు తెరవకండి. మనసులో మెల్లగా ఐదు లెక్కపెట్టండి. మొదటి రెండు రోజులు ఆ ఐదు చాలా పొడుగ్గా అనిపిస్తుంది, నాలుక దురద పెడుతుంది. ఆ కాస్త సమయంలోనే పిల్ల కన్ను మళ్లీ పదం మొదటికి వెళ్తుంది, పెదాలు కదులుతాయి. సగం సార్లు తానే అందుకుంటుంది. అందుకోకపోతే అప్పుడు సాయం చెయ్యండి, అదీ పదం మొత్తం చెప్పకుండా. "మొదటి అక్షరం ఏంది బిడ్డా?" అని అడిగితే చాలు.

"ఇది కూడా రాదా", "పక్కింటి పిల్ల చూడు ఎట్ల చదువుతదో" అనే మాటలు పిల్ల చదువుతున్నంతసేపూ వద్దు. భయంలో ఉన్న పిల్లకు తెలిసిన అక్షరం కూడా కనపడదు.

పెన్సిల్‌తో చిన్న గుర్తు

పిల్ల చేసే తప్పులన్నీ ఒక్క రకం కావు. దగ్గర ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకుని, మీరు విన్నది విన్నట్టు అందులో రాసుకోండి. పుస్తకంలో ఏముంది, పిల్ల ఏమన్నది, రెండూ పక్కపక్కన. నాలుగు రోజులు రాస్తే అవి మూడు కుప్పలుగా విడిపోతాయి.

మొదటి కుప్ప అక్షరం ఆకారం. ప, వ, ష, మ, య, ద, డ, స, న. ఒకదానికొకటి పోలిక ఉన్న అక్షరాలు. 'ద' కింద చిన్న నిలువు గీత వస్తే 'ధ' అవుతుంది, ఆ గీత పిల్ల కంటికి ఆనదు. ఇది తేలికగా పోయే తప్పు. కలిసిపోతున్న రెండు అక్షరాలనే పక్కపక్కన పెద్దగా ముగ్గుపిండితో వాకిట్లో రాసి, తేడా ఎక్కడుందో పిల్లతోనే వేలు పెట్టించండి. ఒకేసారి నాలుగు జతలు పట్టుకోవద్దు. వారానికి ఒకటి చాలు.

రెండో కుప్ప వత్తులు. ఇక్కడ కాసేపు నిలబడాలి, ఎందుకంటే తెలుగు చదవడం నేర్చుకునే పిల్లకు అసలు కష్టం ఇక్కడే ఉంది. మనం మాత్రం దాన్ని అశ్రద్ధ అనుకుంటాం.

'అగ్ని' అనే పదం చూడండి. గ మీద గుడి ఉంది, కింద నావత్తు ఉంది. కన్ను పై నుంచి కిందికి పోతే ముందు 'గి' దొరుకుతుంది, తర్వాత 'న' దొరుకుతుంది. అందుకే పిల్ల 'అగిన' అంటుంది. 'రాత్రి'ని 'రాతిర' అంటుంది, 'నమస్తే'ను 'నమసేత' అంటుంది. చూసింది చూసినట్టే చదివింది పాపం. మన రాతలో గుణింతం గుర్తు పై అక్షరానికి పెడతాం, దాని శబ్దం మాత్రం కింద ఉన్న వత్తు తర్వాత పలుకుతాం. పెద్దవాళ్లం అక్షరం అక్షరం చూడటం మానేసి చాలా ఏళ్లయింది కాబట్టి ఈ తిరకాసు మనకు గుర్తే లేదు.

దీనికి నేను వాడేది చప్పట్లు. పదాన్ని నోటితో పలికి చప్పట్లుగా విడగొట్టాలి. అగ్–ని, రెండు చప్పట్లు. రాత్–రి, రెండు. పుస్–త–కం, మూడు. న–మస్–తే, మూడు. చూశారా, పై అక్షరం సగం శబ్దమై ముందున్న అక్షరానికి అతుక్కుంటుంది. కింది వత్తు గుణింతాన్ని తీసుకుని కొత్త చప్పట్లోకి పోతుంది. ఈ సూత్రం పిల్లకు మాటల్లో చెప్పకండి, అర్థం కాదు. చేతులు కొట్టించండి, తర్వాత అదే పదం పుస్తకంలో చూపించండి. నాలుగైదు పదాలు అయ్యేసరికి చేతులు కదలకుండానే తల ఊపుతూ విడగొట్టుకుంటారు.

వత్తు పదం మొదట్లోనే ఉంటే ముందు అతుక్కోవడానికి అక్షరం ఉండదు. 'ప్రేమ', 'స్కూలు' అట్లాంటివి. మా వాకిట్లో ఒక పిల్లవాడు 'స్కూలు' దగ్గర రోజూ ఇరుక్కునేవాడు. "నువ్వు పొద్దున ఏడికి పోతవు?" అని అడిగితే "ఇస్కూలుకు" అన్నాడు. సరే, ఇస్–కూ–లు అని మూడు చప్పట్లు కొట్టాం. "పుస్తకంల ఆ 'ఇ' రాయరు, తక్కినదంతా నువ్వన్నట్టే" అని చెప్పాను. ఇంటి మాటే వాడికి ఆ పదాన్ని విప్పింది.

ఇంకో మాట. వత్తుల్లో త, న, మ, య, ర, ల వత్తులు తమ అసలు అక్షరాల్లా ఉండవు. తక్కినవి చాలావరకు తలకట్టు వదిలేసి కిందికి దిగుతాయి, పోల్చుకోవచ్చు. ఈ ఆరింటిని మాత్రం విడిగా నేర్పాల్సిందే. అక్క, అత్త, అన్న, అమ్మ, కర్ర, పిల్లి, బియ్యం వంటి ఇంటి పదాలతో మొదలుపెట్టండి. ఒకే అక్షరానికి అదే వత్తు వచ్చేవి ముందు. 'అగ్ని' లాంటివి తర్వాత. 'స్త్రీ', 'రాష్ట్రం' లాంటి రెండు వత్తులవి అన్నిటికన్నా చివర. ఒకటో తరగతి పిల్లకు అవి రాకపోతే టెన్షన్ పడకండి.

మూడో కుప్ప: ఇంటి మాట

పుస్తకంలో "తాత వచ్చాడు" అని ఉంటుంది. పిల్ల "తాత వచ్చిండు" అని చదువుతుంది. ఇది తప్పా?

నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు "అస్తున్న సార్" అన్నందుకు నన్ను పిరియడ్ అయిపోయేదాకా నిలబెట్టారు. 'వస్తున్నాను' అనాలట. మా ఇంట్లో మా అవ్వ, మా బాపు, అందరూ అట్లానే మాట్లాడేవారు కదా, మరి వాళ్లందరిదీ తప్పేనా అని ఆ రోజు ఇంటికి నడుచుకుంటూ పోతూ ఆలోచించాను. ఆ తర్వాత చాలా నెలలు తరగతిలో నేను నోరు తెరవలేదు. ఆ బాధ ఇంకే పిల్లకూ వద్దని నాకు గట్టిగా ఉంది. ఏటా సెప్టెంబర్ 9న కాళోజీ పుట్టినరోజును తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆయన మన మడికొండలో పెరిగిన మనిషి, మన మాటకు మర్యాద కావాలని బతుకంతా కొట్లాడాడు. ఆ మర్యాద మన ఇంట్లో, మన పిల్ల చదివే చాప మీద మొదలు కావాలి.

'వచ్చిండు' అన్న పిల్ల 'వచ్చ' వరకు కన్ను పెట్టి చదివింది. అర్థం పట్టుకుంది. చివర మాత్రం తన నోటికి అలవాటైన మాటను అతికించింది. కాబట్టి ఆపకండి. పాఠం అయ్యాక, తీరిగ్గా, "మనం వచ్చిండు అంటం కదా, పుస్తకంల ఎట్ల రాసిండ్రో చూడు" అని చూపించండి. రెండూ రెండు తీర్లు అని చెప్పండి. పరీక్షలో పుస్తకం తీరు రాయాలి, ఇంట్లో మన తీరు మాట్లాడాలి. ఆరేళ్ల పిల్లకు ఇది బాగానే అర్థమవుతుంది.

అయితే ఇక్కడే ఒక మెలిక ఉంది. పుస్తకంలో "తాత సంతకు వెళ్ళాడు" అని ఉంటే ఒక పిల్ల "తాత అంగడికి పోయిండు" అని చదివింది. అర్థం నూటికి నూరుపాళ్లు సరే. కానీ 'సంత'లో ఉన్న 'సం' మీదకు ఆ పిల్ల కన్నే పోలేదు. పక్కనున్న బొమ్మలో అంగడి కనపడింది, దాన్ని చూసి వాక్యం తానే అల్లుకుంది. తెలివైన పిల్లలే ఇట్లా చేస్తారు, వాళ్లకు చదువు వచ్చేసిందని మనమూ మోసపోతాం. అర్థం పట్టుకున్నందుకు ముందు మెచ్చుకోండి. తర్వాత చెయ్యితో బొమ్మ మూసి, "ఈ పదం ఏ అక్షరంతోని మొదలైంది?" అని అడగండి. వారంలో రెండు మూడు సార్లు బొమ్మ లేకుండా చదివించి చూస్తే, చదువుతోందో ఊహిస్తోందో తెలిసిపోతుంది.

చదువు రాని అమ్మలకు

"మాకే సరిగ్గ రాదు, మేమేం చదివిస్తం?" అని బీడీలు చుట్టే ఒక అక్క నన్ను అడిగింది. వినడానికి చదువు అక్కర్లేదు, తెలుగు తెలిస్తే చాలు. పిల్ల "కోడి గుడు పెట్టింది" అని చదివింది అనుకోండి. 'గుడు' అనే మాట లేదని ఆ అక్కకు చెవితోనే తెలుస్తుంది. "గుడు అంటే ఏంది బిడ్డా?" అని అడిగితే పిల్ల మళ్లీ చూస్తుంది, డావత్తు కనపడుతుంది, "గుడ్డు" అంటుంది. తప్పు దిద్దింది అర్థం. వాక్యం అయిపోయాక "తర్వాత ఏమైంది?" అని అడగండి. బీడీలు చుడుతూనే అడగవచ్చు. నాయనమ్మలూ తాతలూ కూడా ఈ పని చేయగలరు, నిజానికి వాళ్ల దగ్గర పిల్లలు ఇంకా హాయిగా చదువుతారు.

సర్కారు బడుల్లో 2022–23 నుంచి ఇంగ్లిష్ మీడియం వచ్చింది కాబట్టి తెలుగు మీద ఇంత సమయం ఎందుకని కొందరు అడుగుతున్నారు. గుర్తుకూ శబ్దానికీ ఉన్న లంకె పిల్లకు తన ఇంటి భాషలోనే తొందరగా తెలుస్తుంది. ఇంగ్లిష్ ఇంటిపని గురించి ఆరో పాఠంలో విడిగా చెప్తాను.

ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చదివించే తల్లిదండ్రులకు కూడా ఒక మాట. కేంద్రం 2021 జూలైలో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ అనే చిన్న తరగతుల చదువు పథకంలో రెండో తరగతి పిల్లలు నిమిషానికి 45 నుంచి 60 పదాలు చదవాలని లక్ష్యం పెట్టారు. ఆ అంకె చూసి భయపడకండి. తెలుగులో 'వెళ్ళిపోతున్నారట' అన్నది ఒక్క పదమే. అంత పొడుగు పదాలున్న పేజీకీ, 'అమ్మ', 'ఆవు' ఉన్న పేజీకీ ఒకే లెక్క కుదరదు. వేగం కొలిచే పని బడికి వదిలేయండి. ఇంట్లో గడియారం పెడితే పిల్ల అర్థం వదిలేసి పరిగెడుతుంది.

ఈ వారం ఇంటిపని

ఈ వారం పిల్లను తీసుకుని ఒకసారి హన్మకొండ బస్టాండ్‌కు పోండి. వేరే ఊళ్లో ఉన్నవాళ్లు మీ దగ్గరి బస్టాండ్‌లోనే చెయ్యండి. బస్సుల బోర్డులు చదివించండి. 'ములుగు' తో మొదలుపెట్టండి, మూడు అక్షరాలూ కొమ్ములే. తర్వాత 'పరకాల', 'జనగామ', ఒక్కొక్క దీర్ఘం. తర్వాత 'కాజీపేట'. ఇవి వచ్చాక 'నర్సంపేట', దీనికి చప్పట్లు కొట్టాలి: నర్–సం–పే–ట. 'భూపాలపల్లి' అన్నిటికన్నా పొడుగు, దాన్ని చదివిన పిల్లకు ఆ రోజు గర్వంగా ఉంటుంది. బస్సు కదిలేలోపు చదవాలన్న తొందర మీరు పెట్టకండి, బస్సే పెడుతుంది.

మా ఊరి వాళ్లకు ఇంకొకటి. కొన్ని బోర్డుల మీద 'హన్మకొండ' అని, కొన్నిటి మీద 'హనుమకొండ' అని కనపడుతుంది. 2021లో వరంగల్ అర్బన్ జిల్లా పేరు హనుమకొండగా మారింది, అందరి నోట మాత్రం 'హన్మకొండ' అన్న పాత మాటే ఉంది. రెండు బోర్డులూ చూపించి, హన్–మ–కొం–డ, హ–ను–మ–కొం–డ అని చప్పట్లు కొట్టించండి. మావత్తు ఎక్కడ పోయిందో పిల్లనే వెతకనివ్వండి. మా మనవరాలికి చాలాసేపు పట్టింది. నేను ఐదు కాదు, పాతిక దాకా లెక్కపెట్టాను.

నోటుబుక్కులో మూడు కుప్పల్లో ఏది పెద్దగా ఉందో చూసి పెట్టుకోండి. వచ్చే పాఠంలో రాయడం గురించి మాట్లాడుకునేటప్పుడు ఆ నోటుబుక్కు మీ ముందు ఉండాలి.