పాత స్మార్ట్‌ఫోన్‌ను కారులో పాటల కోసమే కేటాయించుకోవడం ఎలా?

రోజూ వాడే ఫోన్‌నుంచే కారులో పాటలు వింటే, కాల్ వచ్చిన ప్రతిసారీ పాట ఆగిపోతుంది, దారి చెప్పే గొంతు మధ్యలో అడ్డుపడుతుంది, ఫోన్ పట్టుకుని ఎవరైనా కారు దిగితే పాటలు కూడా వారితో వెళ్లిపోతాయి. సొరుగులో పడి ఉన్న పాత ఫోన్‌ను పాటలకు మాత్రమే కేటాయిస్తే ఈ ఇబ్బందులన్నీ తొలగుతాయి. అయితే ఆ ఫోన్‌కు మరే పనీ అప్పగించకూడదన్నది నా గట్టి అభిప్రాయం. సిమ్, మెయిల్, సందేశాలు ఏవీ లేని ఫోన్‌నే డ్రైవింగ్ మధ్యలో చేతిలోకి తీసుకోవాల్సిన అవసరం రాదు.

మొదట బ్యాటరీని పరిశీలించాలి. వెనక మూత కాస్త పైకి లేచినా, తెర అంచున సందు కనిపించినా, బల్లపై వెల్లకిలా పెట్టినప్పుడు ఫోన్ సమంగా ఆనకుండా ఊగినా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. అటువంటి ఫోన్‌ను ఛార్జింగ్‌కు పెట్టకూడదు, ఉబ్బిన భాగాన్ని నొక్కకూడదు, గుచ్చకూడదు. ఈ-వ్యర్థాలు తీసుకునే చోట అప్పగించాలి. నా మొదటి ప్రయత్నం ఇక్కడే ఆగిపోయింది. చాలాకాలం వాడకుండా ఉంచిన ఆ ఫోన్ తెర ఒక పక్క పైకి లేచి ఉండటం చూసి దాన్ని వదులుకోవలసి వచ్చింది.

బ్యాటరీ బాగున్నా, వేడి దాన్ని పాడుచేస్తుంది. ఎండలో నిలిపిన కారు లోపలి ఉష్ణోగ్రత అరగంటలోనే బయటికంటే ఎంతో పెరుగుతుంది, నేరుగా ఎండ పడే డ్యాష్‌బోర్డు అంతకన్నా ఎక్కువగా కాగుతుంది. ఐఫోన్‌ను 45 డిగ్రీల సెల్సియస్‌కు మించిన చోట ఉంచవద్దని, ఆపి ఉంచిన కారులో వదిలేయవద్దని ఆపిల్ సంస్థే తన సూచనల్లో చెబుతుంది. లిథియం-అయాన్ బ్యాటరీలన్నిటికీ ఈ జాగ్రత్త అవసరమే. పూర్తిగా ఛార్జ్ అయిన స్థితిలో వేడికి గురైతే అవి మరింత త్వరగా క్షీణిస్తాయి. అందుచేత కారులోనే శాశ్వతంగా అమర్చేయాలనే ఆలోచన మానుకుని, దిగేటప్పుడు తాళంచెవితో పాటు ఈ ఫోన్‌ను కూడా తీసుకువెళ్లడం అలవాటు చేసుకోవాలి.

ఇక ఫోన్‌ను శుభ్రం చేయడం. ఫోటోలు, కాంటాక్టులు వేరే చోట భద్రపరచుకున్నాక, ఆండ్రాయిడ్ ఫోన్ అయితే ముందుగా సెట్టింగ్స్‌లో గూగుల్ ఖాతాను తొలగించి, ఆ తర్వాతే ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి, అంటే ఫోన్‌లోనిదంతా చెరిపేయాలి. ఖాతా ఉండగానే, ఫోన్ ఆన్ అయ్యే ముందు బటన్లతో తెరిచే రికవరీ మెనూ ద్వారా రీసెట్ చేస్తే, తిరిగి తెరిచేటప్పుడు ఆ పాత ఖాతా పాస్‌వర్డ్ అడుగుతుంది; అది గుర్తులేకపోతే ఫోన్ నిరుపయోగమవుతుంది. రీసెట్ అయ్యాక సిమ్ తీసేసి, ఏరోప్లేన్ మోడ్ పెట్టి, బ్లూటూత్‌ను మాత్రం విడిగా ఆన్ చేయాలి. సిగ్నల్ కోసం వెతుక్కునే పని లేకపోవడంతో ఛార్జ్ ఎక్కువసేపు నిలుస్తుంది. భద్రతా అప్‌డేట్లు ఆగిపోయిన ఫోన్ కాబట్టి బ్యాంకు యాప్‌లు ఇందులో ఉండనే కూడదు.

పాటలు ఫోన్‌లోనే ఉండాలి. 320 కేబీపీఎస్ (సెకనుకు 320 కిలోబిట్లు) నాణ్యత గల ఎంపీ3 ఫైలు నిమిషానికి సుమారు 2.4 ఎంబీ తీసుకుంటుంది. అంటే ఐదు నిమిషాల పాట 12 ఎంబీ, 32 జీబీ మెమరీ కార్డులో రెండున్నర వేల పాటలకు పైగా పడతాయి. ఇంజిన్, టైర్ల చప్పుడు మధ్య అంతకన్నా పెద్ద ఫైళ్ల వల్ల తేడా తెలియదు. వినిపించడానికి వీఎల్‌సీ వంటి సాదా యాప్ సరిపోతుంది. స్పాటిఫై వంటి సేవలో డౌన్‌లోడ్ చేసుకున్న పాటలైతే, కనీసం 30 రోజులకు ఒకసారి ఫోన్‌ను ఇంటర్నెట్‌కు కలపకపోతే తొలగిపోతాయి.

కారుతో కలిపే విషయంలోనే ఎక్కువ మంది తికమకపడతారు. స్టీరియోకు 3.5 మి.మీ. ఆక్స్ రంధ్రం ఉంటే కేబుల్ చాలు. అప్పుడు ఫోన్ వాల్యూమ్‌ను గరిష్ఠానికి ఒకటి రెండు మెట్లు తక్కువగా స్థిరపరచి, శబ్దాన్ని స్టీరియో దగ్గరే తగ్గించి పెంచుకోవాలి. ఫోన్‌లో తగ్గించి స్టీరియోలో పెంచితే బుసబుసమనే శబ్దం కూడా పెరుగుతుంది. ఛార్జర్ పెట్టగానే సన్నని గూయ్‌మనే మోత మొదలై, ఇంజిన్ వేగంతో పాటు ఆ స్థాయి మారుతుంటే, ఛార్జర్, ఆక్స్ రెండు దారుల్లోనూ ఎర్త్ కలవడమే సాధారణంగా దానికి కారణం. ఛార్జర్ తీయగానే మోత ఆగితే నిర్ధారణ అయినట్లే. ఇంటి దగ్గరే ఛార్జ్ చేసుకోవడం, లేదా ఆక్స్ తీగ మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అనే చిన్న పరికరం అమర్చడం దీనికి పరిష్కారం.

బ్లూటూత్‌లో ఈ మోత బెడద ఉండదు. పైగా స్టీరింగ్ మీది బటన్లతోనే పాట మార్చవచ్చు కాబట్టి ఫోన్‌ను గ్లవ్‌బాక్స్‌లో ఉంచేయవచ్చు. స్టీరియోకు రెండు ఫోన్లూ జత చేసినప్పుడు, పాత ఫోన్ బ్లూటూత్ సెట్టింగ్స్‌లో కారు పేరు పక్కనున్న గుర్తును నొక్కి, కాల్స్‌ను ఆపి మీడియా ఆడియోను మాత్రమే ఉంచాలి. రోజువారీ ఫోన్‌లో దీనికి తిరగేసి చేయాలి. రెండు ఫోన్లను ఒకేసారి అంగీకరించే స్టీరియోల్లో ఈ ఏర్పాటు చక్కగా కుదురుతుంది.

యూఎస్‌బీ తీగతో కలిపితే ఆండ్రాయిడ్ ఫోన్‌లోని పాటలు చాలా స్టీరియోలకు కనిపించవు. అవి పెన్‌డ్రైవ్ వంటి నిల్వను ఆశిస్తాయి, ఫోన్ మాత్రం ఎంటీపీ అనే మరో పద్ధతిలో ఫైళ్లను అందిస్తుంది. ఇది చెడిపోవడం కాదు. ఆ పోర్టును ఛార్జింగ్‌కు మాత్రం వాడుకోవచ్చు. ఆక్స్, బ్లూటూత్ రెండూ లేని కారులో, ఫోన్‌లోని పాటను కారు రేడియోకు పంపే ఎఫ్ఎమ్ ట్రాన్స్‌మిటర్ మిగులుతుంది గాని, దూర ప్రయాణంలో స్టేషన్లు అడ్డువచ్చిన చోటల్లా ఫ్రీక్వెన్సీ మార్చుకోవలసి ఉంటుంది.

చివరగా, పాటల యాప్‌కు బ్యాటరీ ఆప్టిమైజేషన్ అనే ఛార్జ్ పొదుపు సెట్టింగ్‌ను తీసేయాలి. లేకపోతే తెర ఆరిన కొద్దిసేపటికి ఫోన్ ఆ యాప్‌ను మూసేసే ప్రమాదం ఉంది. నోటిఫికేషన్ శబ్దాలన్నీ ఆపేయాలి. ఫోన్‌ను ఎదురుగా అమర్చుకోవాలనుకుంటే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే చోటును, దారి కనిపించే అద్దాన్ని వదిలిపెట్టాలి. కొన్ని కార్లలో ఇగ్నిషన్ ఆపినా 12 వోల్టుల సాకెట్‌లో కరెంటు ఉంటుంది. మీ కారులో అలా ఉందేమో ఒకసారి చూసుకుని, ఉంటే దిగేటప్పుడు ఛార్జర్‌ను కూడా ఊడదీయండి.