పాత బోలర్ ట్రైలర్ ఒంటి మీది లైట్లు, వెంట్లు ఊడదీయడం

మా ట్రైలర్ (కారు వెనక తగిలించి లాక్కెళ్లే చిన్న ఇల్లులాంటి బండి) మొదటి లైటుని స్క్రూడ్రైవర్ పెట్టి పెకిలించాను. లైటు వచ్చింది. దాంతోపాటు రూపాయి బిళ్ళంత జెల్‌కోట్ పెళ్ల కూడా ఊడొచ్చింది. జెల్‌కోట్ అంటే ఫైబర్‌గ్లాస్ మీద ఉండే నున్నటి పూత. మందం అర మిల్లీమీటరు అటూ ఇటూ, అంతే. తెల్లటి ఒంటి మీద గోధుమరంగు గాయంలా కనిపించిన ఆ మచ్చ పూడ్చడానికి నాకు రెండు వీకెండ్లు పట్టింది.

మేముండేది కెనడాలో, విన్నిపెగ్‌లో. మా ట్రైలర్ 1970ల నాటి 13 అడుగుల బోలర్. ఈ గుడ్డు ఆకారపు బండి పుట్టింది కూడా ఈ ఊళ్ళోనే, 1968లో. దీన్ని తయారుచేసిన రే ఒలెకో అంతకుముందు ఫైబర్‌గ్లాస్‌తో సెప్టిక్ ట్యాంకులు చేసేవాడు. బౌలర్ టోపీలా (గుండ్రటి పైభాగం ఉండే ఇంగ్లీషు టోపీలా) ఉందని ఆ పేరు పెట్టారు. ఒళ్లంతా రెండే ముక్కలు, పైన ఒకటి, కింద ఒకటి. అందుకే నీళ్లు దిగితే సాధారణంగా అది గోడ తప్పు కాదు. గోడకి మనం పెట్టిన కన్నాలది, అంటే లైట్లు, వెంట్లు (గాలి ఆడే మూతలు), కిటికీలు, బిగించడానికి కొట్టిన లోహపు మేకుల్లాంటి రివెట్లది. ఇక్కడి చలికాలంలో ఆ సందుల్లో చేరిన నీరు గడ్డకట్టి ఉబ్బుతుంది, సందుని ఇంకాస్త తెరుస్తుంది.

ఆ వేసవిలో మా నాన్న తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. ఆర్టీసీ డిపోలో ముప్పై ఏళ్లు మెకానిక్‌గా చేసిన మనిషి. ఊడిన పెళ్ల చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఊడట్లేదంటే ఇంకా ఎక్కడో పట్టుకుని ఉందని కదరా. అదేంటో చూడకుండా లాగడమేంటి?" అన్నారు. నిజమే. ఆ లైటుకి మూడు స్క్రూలున్నాయి, నేను విప్పింది రెండే. మూడోది పాత ఓనరు పూసిన సిలికాన్ (సందులు మూసే రబ్బరులాంటి జిగురు) కింద దాక్కుంది.

కాబట్టి ముందు పట్టు ఎక్కడెక్కడ ఉందో వెతకండి. లైటు మీది ప్లాస్టిక్ అద్దం తీసి లోపల చూడండి. అంచుల చుట్టూ సీలెంట్‌ని (నీళ్లు దిగకుండా పూసే జిగురుని) ప్లాస్టిక్ బ్లేడుతో గీకి స్క్రూ తలలు బయటపెట్టండి. బండి లోపలికెళ్లి అటువైపు నట్లు, వాషర్లు ఉన్నాయేమో తడమండి. అవి ఒక్కోసారి గోడకి అతికించిన పాత ఫోమ్ కింద ఉంటాయి. బ్యాటరీ తీగ, బండి ప్లగ్గు రెండూ విడదీశాకే లైట్ల మీద చెయ్యి వేయండి. గ్యాస్‌తో నడిచే ఫ్రిజ్ వెంట్ దగ్గరైతే సిలిండర్ కట్టేయండి. గ్యాస్ పైపుల జాయింట్లు మాత్రం తెలిసినవాళ్లకే వదిలేయండి. ఏది తీసేముందైనా ఫోన్‌లో ఫోటో తీసుకుని, ఏ తీగ ఎక్కడిదో టేపు అంటించి రాసుకోండి.

తుప్పు పట్టిన స్క్రూ కదలకపోతే నాన్న దాని తలమీద సాల్డరింగ్ ఐరన్ మొన ఒక నిమిషం ఆనించి ఉంచేవారు. తర్వాత సరిగ్గా సరిపోయే బిట్‌తో ముందు కొంచెం బిగించి, అప్పుడు విప్పేవారు. బిగించేవైపు ఒక వెంట్రుకవాసి కదిలిందంటే చాలు, మిగతాది సులువు.

రివెట్ల దగ్గర మాత్రం తొందరపడకండి. బోలర్‌లో రివెట్లన్నీ ఒకటి కాదు. కొన్ని బయటి సామాన్లని పట్టుకుంటాయి, కొన్ని లోపలి అలమారాలని. ఆ అలమారాలే పైకప్పుకి ఊతం. వాటి రివెట్లు అన్నీ ఒకేసారి తీస్తే పైకప్పు కుంగుతుంది. ఒకటి తీశాక దాన్ని మార్చి, తర్వాతే ఇంకోదానికి వెళ్లండి.

రివెట్ మీద ప్లాస్టిక్ టోపీ ఉంటే గోటితో లేపేయండి. మధ్యలో చిన్న ఇనుప పుల్ల ముక్క కనిపిస్తుంది. రివెట్ అల్యూమినియంది, మెత్తన. ఈ పుల్ల ముక్క మాత్రం గట్టిది, డ్రిల్ బిట్‌ని పక్కకి జారుస్తుంది. అందుకని సన్నటి పంచ్ పెట్టి సుత్తితో రెండు చిన్న దెబ్బలేసి దాన్ని లోపలికి తోసేయండి. మిగిలిన గుంటే బిట్‌కి దారి చూపిస్తుంది. 3/16 అంగుళం రివెట్‌కి అదే సైజు బిట్, నిదానంగా, మీద బరువెయ్యకుండా. కోసుకుపోవాల్సింది తల ఒక్కటే. తల ఉంగరంలా ఊడి బిట్‌కి చుట్టుకోగానే ఆపేయండి. ఇంకా లోపలికి పోతే కన్నం పెద్దదవుతుంది. ఒక్కోసారి రివెట్ బిట్‌తో పాటు గిర్రున తిరుగుతుంది, ఎంత సేపైనా తెగదు. అప్పుడు తల అంచు కింద పల్చటి పుట్టీ బ్లేడు దూర్చి పట్టుకుంటే ఆగుతుంది.

స్క్రూలు, రివెట్లు అన్నీ పోయాక ఇక మిగిలింది సీలెంట్ పట్టే. ఇక్కడ ఏ సీలెంటో గుర్తుపట్టడం ముఖ్యం. నమిలి పారేసిన బబుల్‌గమ్‌లా సాగితే బ్యూటైల్. వేడికి లొంగుతుంది. రబ్బరులా తోలు తోలుగా వస్తే సిలికాన్, దాన్ని వేడి ఏమీ చేయదు, కోయాల్సిందే. గట్టిగా, పసుపు తిరిగి, గోరు దిగకపోతే బహుశా పాలీయురెథేన్. అన్నిట్లోకీ మొండిది అదే. దాన్ని మెత్తబరిచే ద్రావకాలు పడవల సామాన్ల షాపుల్లో దొరుకుతాయి.

హీట్ గన్‌ని సన్న సెగ మీద పెట్టి ఆడిస్తూ ఉండండి. ఒకేచోట నిలపకండి. గోడ మీద చెయ్యి పెడితే చురుక్కుమనాలి గానీ వెనక్కి లాక్కునేలా ఉండకూడదు. అంతకు మించితే పూత రంగు మారుతుంది. మాకు హెయిర్ డ్రయ్యరే చాలాచోట్ల సరిపోయింది, మా ఆవిడ అడిగేదాకా.

పైకప్పు మీద 14 అంగుళాల వెంట్ మాత్రం తల ప్రాణం తోకకి తెచ్చింది. చుట్టూ గోడకి మాస్కింగ్ టేపు రెండు పొరలు వేశాం. అంచు కింద వేడి చేసి ప్లాస్టిక్ బ్లేడు ఒక మూల దూర్చాం. ఆ సందులోంచి డెంటల్ ఫ్లాస్ వేసి లాగితే మూడుసార్లు తెగింది. చివరికి లావుపాటి చేపల గాలం దారం తెచ్చి రెండు కొసలకీ చెక్కముక్కలు కట్టాం. ఒక స్టూలు మీద నాన్న, ఇంకో స్టూలు మీద నేను, రంపం కోసినట్టు లాగాం. ఒక్కో వైపుకి పావుగంట. దారం తెగకుండా కదులుతున్నంతసేపూ పని జరుగుతున్నట్టే. నాలుగో వైపు అయ్యాక వెంట్ దానంతటదే జారింది, కింద చిన్న బీట కూడా లేదు.

బ్యూటైల్ జిగురు మినరల్ స్పిరిట్స్‌తో (పెయింట్ పలచబరిచే ద్రావకంతో) పోతుంది. ఎసిటోన్ వాడితే తలుపులు తీసి ఉంచండి, ప్లాస్టిక్ కిటికీలకి, లైటు అద్దాలకి మాత్రం తగలనివ్వకండి, పాడైపోతాయి. సిలికాన్‌ని ఇవేవీ కరిగించలేవు. గీకి, సిలికాన్ రిమూవర్ రాసి, చివర్లో సన్నటి ఉప్పుకాగితంతో రుద్దాలి. అది ఇసుమంత మిగిలినా కొత్త సీలెంట్ ఏదీ అంటుకోదు, కొత్త సిలికాన్‌తో సహా. పోయిందో లేదో చూడాలంటే కాస్త నీళ్లు చల్లండి. ముత్యాల్లా నిలబడితే ఇంకా ఉన్నట్టే. రుద్దేటప్పుడు ఎన్95 మాస్కు, కళ్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. గ్లాసు పొడి ఒంటికి తగిలితే రాత్రంతా దురద.

అక్కర్లేని కన్నాలని అంచులు వాలుగా అరగదీసి, లోపలినుంచి ఫైబర్‌గ్లాస్ మ్యాట్, రెజిన్‌తో (ఆరాక గట్టిపడే ద్రవంతో) మూయండి. పైన జెల్‌కోట్ వేసే ఉద్దేశం ఉంటే పాలిస్టర్ రెజిన్ తీసుకోండి, ఎపాక్సీ రెజిన్ మీద జెల్‌కోట్ సరిగా పట్టదు. తిరిగి బిగించేవాటికి బ్యూటైల్ టేపు. ఒకేసారి బిగించేయకండి. టేపు రెండు మూడు రోజులు మెల్లగా బయటికి వస్తుంటుంది, రోజూ కొంచెం కొంచెం బిగించి, పొంగినదాన్ని కోసేయండి.

ఒకరోజులో మూయలేని కన్నం తెరవకండి. జులైలో ఇక్కడ సాయంత్రం ఆకాశం ఎప్పుడు మారుతుందో తెలీదు. వెంట్ తీసిన రాత్రే ఉరుములు మొదలయ్యాయి. నేనూ నాన్నా లుంగీల్లోనే పరిగెత్తి ప్లాస్టిక్ షీటు కప్పి టేపులేశాం.

వెనక నంబర్ ప్లేటు లైటు ఒక్కటే తీయలేదు. దాని సీలెంట్ పాతదే అయినా నీళ్లగొట్టంతో పది నిమిషాలు కొట్టినా చుక్క దిగలేదు. నాన్న దాన్ని వేలితో నొక్కి చూసి, "దీని జోలికి పోకు" అన్నారు.