జూనియర్ చెస్ టోర్నీలో మొదటి గేమ్ ఎలా ఆడాలి?

గుంటూరు నుంచి హరికృష్ణ, హారిక గ్రాండ్‌మాస్టర్లయ్యారు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో 15 ఏళ్లకే ఆ స్థాయికి చేరింది. దాంతో మా వైపు పిల్లలు ఓపెనింగులు, అంటే గేమ్ మొదట్లో వేసే ఎత్తులు, ఎక్కాల్లా అప్పజెప్పేస్తారు. టోర్నీలో మాత్రం చెయ్యి ఆగదు.

పోయిన ఏడాది విజయవాడలో ఒక టోర్నీకి మా వాడిని తీసుకెళ్లాను. ఎదుటి పిల్ల గుర్రాన్ని బంటుతో కొట్టాల్సినవాడు కంగారులో మంత్రిని పట్టుకున్నాడు. "టచ్ మూవ్" అందా పిల్ల, అంటే ముట్టుకున్న పావునే కదపాలని. మంత్రినే కదపాల్సి వచ్చింది. తర్వాతి ఎత్తుకే ఆ గుర్రం ఏనుగుని మింగేసింది.

అందుకే ముందు చేతికి ట్రైనింగ్ ఇవ్వండి. ఆలోచించేటప్పుడు అరచేతులు తొడల కింద పెట్టుకొమ్మనండి. ఏదైనా పావు దాని గడిలో పక్కకి ఒరిగితే, "అడ్జస్ట్" అని చెప్పాకే తాకాలి, అదీ తన వంతు వచ్చినప్పుడే. రాజునీ ఏనుగునీ ఒకే ఎత్తులో కదిపే కాస్లింగ్‌లో ముందు రాజునే పట్టుకోవాలి. ఎత్తు వేసిన చేత్తోనే, ఇద్దరి టైమూ లెక్కపెట్టే క్లాక్ నొక్కాలి. ఇది ఇంట్లో క్లాక్ పెట్టి ఆడితేనే అలవాటవుతుంది, చెబితే రాదు.

తర్వాత రాత. ఎత్తు వేశాకే షీట్ మీద రాయాలి, ముందు రాసి తర్వాత వేయకూడదు. గుర్రం ఎఫ్3 గడిలోకి వెళితే "ఎన్ ఎఫ్3" అని రాస్తారు. గుర్రం ఇంగ్లిష్ పేరు (Knight) కూడా 'కె'తోనే మొదలైనా, 'కె' అక్షరం రాజుది, పిల్లలు తికమక పడేది ఇక్కడే.

గొడవొస్తే ఎదుటివాళ్లతో వాదించకుండా క్లాక్ ఆపి చెయ్యెత్తాలి, ఆర్బిటర్ (టోర్నీ రిఫరీ) వస్తారు. క్లాసికల్ (ఎక్కువ టైమ్ ఇచ్చే) గేముల్లో రూల్ తప్పిన ఎత్తు వేస్తే మొదటిసారికి ఎదుటివారికి 2 నిమిషాలు కలుపుతారు, రెండోసారికి మామూలుగా గేమే పోతుంది. డ్రా అడగాలంటే ఎత్తు వేసి, అడిగి, అప్పుడు క్లాక్ నొక్కాలి. మాటిమాటికీ అడగడం మర్యాద కాదు.

ఫోన్, స్మార్ట్‌వాచ్ మీ దగ్గరే ఉంచుకోండి. మీరు హాలు బయటే ఉండాలి, కిటికీలోంచి సైగలు చేయకండి. నేనూ ఒకసారి తొంగిచూసి చివాట్లు తిన్నాను.

గేమ్ అయ్యాక ఫలితం సరిగ్గా రాశారో లేదో చూసి ఇద్దరూ సంతకాలు పెట్టాలి. బయటికి రాగానే "అదెందుకు వేశావురా?" అని మొదలెట్టకండి. తర్వాతి రౌండ్ పేరింగ్స్ (ఎవరు ఎవరితో ఆడాలో ఆ లిస్టు) గోడకి అంటించేలోపు ఇంత పెరుగన్నం తినిపించండి.