బోరు నీళ్ల ఊళ్లో కొత్త టాప్ లోడ్ వాషింగ్ మిషన్: కొనేముందు, బిగించేటప్పుడు, వాడేటప్పుడు

మాది అనంతపురం. ఇంట్లో అయిదుగురం. మున్సిపాలిటీ కొళాయి రోజూ రాదు, బోరు నీళ్లేమో కాఫీ గిన్నెకు తెల్లటి పొర పట్టించే రకం. ఎండలు ముదరకముందే ఏడు కేజీల టాప్ లోడ్ మిషన్ తెచ్చుకున్నాం. అప్పట్నుంచి చుట్టుపక్కల ఆడవాళ్లు అడిగేవన్నీ ఒకేలా ఉంటున్నాయి: ఎన్ని స్టార్లు, ఇన్వర్టర్ మోటారేనా, మూత గాజుదా ప్లాస్టిక్‌దా అని. మా ఇంట్లో కొళాయి ధార ఎంత, నీళ్లలో ఉప్పెంత, మురుగునీళ్లు పోయే దారెటు అని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. నేను చూసినంతలో కొత్త మిషన్ మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ ఈ మూడింటి దగ్గరే పుడతాయి. అందుకే నీళ్లతోనే మొదలుపెడతాను.

ధార, ఉప్పు

మిషన్‌లోకి నీళ్లు తోసేది మిద్దె మీద ట్యాంకే. ట్యాంకులో నీటిమట్టం కొళాయి కంటే పది మీటర్లు ఎత్తులో ఉంటే ఒక బార్ ఒత్తిడి వస్తుంది. మూడు మీటర్లుంటే 0.3 బార్. చాలా మిషన్లు అడిగే కనీస ఒత్తిడి ఇంచుమించు అక్కడే మొదలవుతుంది, మాన్యువల్ చివరి పేజీల్లో రాసి ఉంటుంది చూడండి. కింది ఇంట్లో ఉన్నవాళ్లకు ఇబ్బంది లేదు. పై అంతస్తులో ఉండి, ట్యాంకు సరిగ్గా నెత్తి మీదే ఉంటే ఎత్తు రెండు మీటర్లు కూడా రాదు. మా ఆడపడుచు ఇంట్లో ఇదే జరిగింది. నీళ్లు సన్నగా వస్తుంటే మిషన్ కాసేపు చూసి, నీళ్లు రావట్లేదని ఎర్రర్ చూపించి ఆగిపోయేది. ట్యాంకును ఇనుప స్టాండు మీదికి ఎత్తించి, ట్యాంకు నుంచి మిషన్‌కు విడిగా పైపు లాగించాక ఆ గొడవ పోయింది. ఎత్తించే వీలు లేనివాళ్లు చిన్న ప్రెషర్ పంపు పెట్టుకోవచ్చు, లేదా తక్కువ ధారకు కూడా పనిచేసే మోడల్ అడిగి తీసుకోవచ్చు.

కొనకముందే ఒక పని చేయండి. మిషన్ పెట్టబోయే చోట ఉన్న కొళాయి కింద పది లీటర్ల బకెట్ పెట్టి, ఫోన్‌లో టైము చూడండి. నిండడానికి రెండున్నర నిమిషాలు పట్టిందనుకుందాం, అంటే నిమిషానికి నాలుగు లీటర్లు. మిషన్ ఒకసారి నింపుకోవడానికి నలభై లీటర్లు కావాలంటే పది నిమిషాలు నీళ్లకే పోతాయి. ఒక ఉతుకు, రెండు జాడింపులు అంటే అరగంట. డిస్‌ప్లే మీద నలభై అయిదు నిమిషాలని పడి గంట పైన ఎందుకవుతోందనే ప్రశ్నకు చాలా ఇళ్లల్లో జవాబు ఇదే.

ఇక ఉప్పు. టీడీఎస్ మీటరు ముంచి చూసి నీళ్లు గట్టివని తేల్చేస్తారు గానీ, ఆ మీటరు నీళ్లలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి చూపిస్తుంది. బట్టల పని చెడగొట్టేది అందులోని కాల్షియం, మెగ్నీషియం. వాటి లెక్కే హార్డ్‌నెస్. తాగునీటికి మన ఐఎస్ 10500 ప్రమాణంలో లీటరుకు 200 మిల్లీగ్రాముల హార్డ్‌నెస్ దాకా మంచిదంటారు, వేరే నీళ్లు దొరక్కపోతే 600 దాకా ఒప్పుకుంటారు. ఇంట్లో తెలుసుకోవాలంటే నీటి పరీక్షకు వాడే స్ట్రిప్పులు చాలు. అవీ లేకపోతే ఒక సీసాలో బోరు నీళ్లు, ఇంకో సీసాలో వాన నీళ్లో ఆర్‌ఓ నీళ్లో సగం పోసి, రెంటిలో ఒకే కొలత ఒంటి సబ్బు తురుము వేసి గట్టిగా ఊపండి. బోరు సీసాలో నురగ నిలవకుండా పైన తెట్టు కట్టిందంటే మీవి మా నీళ్లలాంటివే. ఆ తెట్టే బట్టల మీద బూడిదరంగు మరకై, నల్ల ప్యాంట్ల మీద తెల్ల చారై కనపడుతుంది.

ఈ కారణంతోనే హీటర్ ఉన్న మోడల్ మేం వద్దనుకున్నాం. గట్టి నీళ్లు వేడెక్కితే కరిగి ఉన్న ఉప్పులో కొంత విడిపోయి రాయిలా అంటుకుంటుంది, మొదట పట్టేది హీటర్ రాడ్‌కే. గీజర్ రాడ్ విప్పి చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. పసిబిడ్డల బట్టలకు వేడినీళ్లు కావాలనుకునేవాళ్లు తీసుకోండి, కాకపోతే 16 ఆంపియర్ల ప్లగ్ పాయింట్ ఉందో లేదో చూసుకోండి. హీటర్ లేని మిషన్‌కు మామూలు పాయింట్ సరిపోతుంది, ఎర్తింగ్ మాత్రం సరిగ్గా ఉండాలి. తడి చేత్తో ముట్టే వస్తువు, ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఒకసారి చూపించండి.

కొళాయికీ పైపుకూ మధ్య బిగించే ఫిల్టర్ డబ్బాలు అమ్ముతారు. లోపల గోళీల్లాంటి పాలీఫాస్ఫేట్ బంతులుంటాయి. అవి ఉప్పును తీసేయవు, గోడలకు గట్టిగా అంటుకోకుండా అడ్డుపడతాయి. కరిగిపోతాయి కాబట్టి మళ్లీ నింపుతుండాలి. ఏ ఫిల్టర్ పెట్టినా ధార కొంత తగ్గుతుంది. ధార అంతంతమాత్రంగా ఉన్న ఇంట్లో ముందు ధార సంగతి చూసుకుని తర్వాత దీని మాట ఆలోచించండి.

నిలబెట్టడం

మా పెరటి వసారాలో తాడిపత్రి బండలు పరిచి ఉన్నాయి. బండకీ బండకీ మధ్య ఎత్తుపల్లాలు కంటికి ఆనవు గానీ మిషన్ పిండడం మొదలుపెట్టాక తెలుస్తాయి. బిగించడానికి వచ్చిన అబ్బాయి వెళ్లకముందే ఈ పని చేయించండి: మిషన్‌ను ఎదురెదురు మూలల దగ్గర రెండు చేతులతో నొక్కండి. కొంచెం ఊగినా కాలి స్క్రూ తిప్పి సరిచేసి, లాక్ నట్టు బిగించాలి. తర్వాత మూత మీద చుట్టూ గీత ఉన్న గాజు గ్లాసులో నీళ్లు పెట్టి నాలుగు వైపుల నుంచీ చూడండి. నీటి అంచు గ్లాసు మీది గీతకు సమంగా ఉందంటే చాలు. బట్టలు వేసి ఒకసారి పూర్తిగా పిండించి, కాళ్లు జరిగాయేమో కూడా అతని ముందే చూసుకోండి. చక్రాల స్టాండు నాకు ఇష్టం లేదు. ఊడ్చుకోవడానికి వీలుగానే ఉంటుంది, కానీ పిండేటప్పటి అదురంతా ఆ చక్రాలే మోయాలి. స్టాండు తప్పదనుకుంటే చక్రాల్లేకుండా గట్టి కాళ్లున్నది తీసుకోండి.

మురుగునీళ్ల పైపు గురించి తెలియక చాలామంది తిప్పలు పడతారు. టాప్ లోడ్ మిషన్లలో చాలావాటికి నీళ్లు బయటికి తోసే పంపు ఉండదు. కింద వాల్వు తెరుచుకుంటే నీళ్లు వాటంతటవే పల్లానికి పోతాయి. కాబట్టి ఆ పైపు నేల మీద పడి ఉండాలి, సింకులోకో బకెట్ అంచు మీదుగానో ఎత్తి పెడితే నీళ్లు పోవు, నీళ్లు పోకపోతే పిండదు. పైపు పొడవు పెంచడం, మధ్యలో గడప దాటించడం కూడా వద్దు.

బయటికి పోయే నీళ్లు వృథా చేయకూడదనుకుంటే మిషన్‌ను అడుగు ఎత్తు సిమెంటు దిమ్మె మీద పెట్టించండి. అప్పుడు పైపు కింద వెడల్పాటి టబ్బు పడుతుంది. నిండా నీళ్లు పెట్టి ఉతికితే వంద లీటర్లు తేలిగ్గా దాటుతాయి. మా సీమలో ఆ మాట వింటేనే గుండె గుభేలుమంటుంది. మేం ఆఖరి జాడింపు నీళ్లు పట్టుకుని బాత్రూములకీ వసారా కడగడానికీ వాడుతున్నాం. మొదటి ఉతుకు నీళ్లలో సబ్బు పొడి ఎక్కువ, అవి మొక్కలకు పోయొద్దు.

అడుగున ఎలుకలు దూరకుండా పలకో జాలీనో వస్తుంది. కొన్ని మోడళ్లకు విడిగా ప్యాకెట్‌లో ఇస్తారు, అట్టపెట్టె పారేయకముందు వెతకండి. ఎలుకలకు లోపలి వైర్లంటే ప్రాణం.

ఉతుకు

ఏడు కేజీలు అంటే పొడి బట్టల బరువు. జీన్సు ప్యాంటు ఒక్కటే ముప్పావు కేజీ దాకా తూగుతుంది, మందపాటి డబుల్ దుప్పటి కేజీకి దగ్గరగా ఉంటుంది. మామూలు నూలు బట్టలైతే డ్రమ్ములో మూడొంతులకు మించి నింపొద్దు. బట్టలు పైకీ కిందికీ తిరగాలి, తిరగని బట్ట తెల్లబడదు. మూత వేయగానే మిషన్ నీళ్లు లేకుండా అటూ ఇటూ కాస్త తిప్పుతుంది చూశారా, అప్పుడే బరువు అంచనా వేసి నీళ్లెన్ని కావాలో నిర్ణయించుకుంటుంది. తడిసిన బట్టలు వేస్తే అంచనా తప్పుతుంది. నానబెట్టినవి వేస్తున్నప్పుడు నీటిమట్టం మీరే పెట్టండి.

మా మామ శనక్కాయ చేనికి వెళ్లొచ్చిన రోజు పంచె మోకాళ్ల దాకా ఎర్రగా ఉంటుంది. ఆ ఎర్రమట్టి బట్టలు అలాగే వేస్తే మట్టి మిగతా బట్టలన్నిటికీ పాకుతుంది, మిషన్ లోపల దూది పట్టే జాలీ బురదతో నిండుతుంది. నేను చేసేది ఇది: మట్టిని పూర్తిగా ఆరనిస్తాను. బయట రాతికేసి దులిపితే సగం రాలిపోతుంది. బకెట్లో ఒకసారి జాడించి, అంచుల దగ్గర సబ్బు రుద్ది, అరగంట నానబెట్టి, అప్పుడు విడిగా వేస్తాను. తడిగా ఉన్నప్పుడు రుద్దితే మట్టి నూలు పోగుల్లోకి ఇంకా దిగుతుంది.

పొడి విషయంలో ఒక మాట. చేత్తో ఉతికే పొడి నురగ ఎక్కువిస్తుంది. ఆ నురగ పిండేటప్పుడు అడ్డొస్తుంది, జాడింపులో పూర్తిగా పోదు. టాప్ లోడ్‌కని రాసి ఉన్నదే కొనండి. గట్టి నీళ్లకు పాకెట్ మీద చెప్పినదానికంటే కొంచెం ఎక్కువ పడుతుంది, కొంచెం అంటే కొంచెమే. చలికాలంలో పొడి చల్లటి నీళ్లలో కరక్క ముద్దలై ముదురు రంగు బట్టలకు అంటుకుంటుంది. చెంబుడు గోరువెచ్చటి నీళ్లలో కలిపి పోయండి, లేదా లిక్విడ్ వాడండి. మా ఇంట్లో ముదురు రంగులకు లిక్విడే, దాంతోపాటు జాడింపు ఒకటి ఎక్కువ. నల్ల ప్యాంట్ల మీద తెల్ల చారలు తగ్గింది అప్పుడే.

చీరలు తాడులా మెలేసుకుంటాయి. మడతపెట్టి జాలీ సంచీలో వేసి జిప్ వేయండి. జాకెట్ల హుక్కులు పెట్టేసి, తిరగేసి వేయాలి, లేకపోతే అవి ఇంకో బట్టను పట్టి లాగుతాయి. పిన్నీసులు, పిల్లల జేబుల్లో చిల్లర, సైడు పిన్నులు తీసేయడం మర్చిపోవద్దు. గంజి మిషన్‌లో వద్దు, పిండిన తర్వాత బకెట్లో పెట్టి ఆరేసుకోండి. ధర్మవరం పట్టుచీర మిషన్ దరిదాపుల్లోకి రాకూడదు. జరీ నలిగితే మళ్లీ నిలబడదు.

రెయిన్‌కోటు, మంచం మీద వేసే రెక్సిన్ షీటు లాంటివి ఎట్టి పరిస్థితిలోనూ పిండించొద్దు. వాటి మడతల్లో నీళ్లు చిక్కుకుని బయటికి పోవు. నిమిషానికి ఏడొందల చుట్లు తిరిగే డ్రమ్ములో ఒకపక్క అంత బరువు చేరితే మిషన్ ఎగిరెగిరి పడుతుంది, విరిగినా విరుగుతుంది. ఒక్క బొంతే వేసినా, ఒక్క పెద్ద తువ్వాలే వేసినా బరువు ఒకవైపుకు చేరి ఆగిపోవచ్చు. మూత తెరిచి, సర్ది, తోడుగా ఇంకో రెండు బట్టలు వేస్తే సరి.

ఇన్నాళ్లు వాడాక నచ్చినవి: వంగకుండా బట్టలు వేయొచ్చు, మధ్యలో ఆపి సోఫా కింద దొరికిన సాక్స్ కూడా వేయొచ్చు, కరెంటు పోయి వచ్చినా ఆగినచోటే అందుకుంటుంది. కరెంటు ఖర్చు కూడా భయపడేంత లేదు, హీటర్ లేకుండా ఒక ఉతుక్కి యూనిట్‌లో చిన్న ముక్క. నచ్చనివి కూడా చెప్పాలి. కాలర్లూ చేతి మడతలూ చేత్తో రుద్దనిదే తెల్లబడవు. మా అత్తకు డ్రమ్ము అడుగు అందదు, ఆఖరి బట్టలు తీయడానికి ఎవరో ఒకరు ఉండాలి. పొట్టివాళ్లున్న ఇంట్లో కొనేముందు షోరూమ్‌లో చెయ్యి పెట్టి చూపించండి.

శుభ్రం

ఉతుకైన వెంటనే దూది పట్టే జాలీ తీసి, తిరగేసి కడిగి ఎండలో పెట్టండి. మూత తెరిచి ఉంచి డ్రమ్ము ఆరనివ్వండి, ముక్క వాసన సగం దాంతోనే పోతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో అది ఆరేదాకా ఆ గదికి గొళ్లెం పెట్టండి.

నెలకోసారి కొళాయి కట్టేసి పైపు విప్పండి. మిషన్ వెనక పైపు చేరే చోట లోపల వేలిగోరంత ప్లాస్టిక్ జాలీ ఉంటుంది. పట్టుకారుతో మెల్లగా లాగితే వస్తుంది. మా దానికి బోరులోంచి వచ్చే సన్నటి ఇసుక, దాని మీద తెల్లటి ఉప్పు పేరుకుంటాయి. పాత టూత్ బ్రష్‌తో రుద్ది, మొండిగా ఉంటే నిమ్మ ఉప్పు నీళ్లలో కాసేపు వేయండి. మెకానిక్‌ను పిలిచేముందు ఇది చూస్తే చాలాసార్లు పిలిచే పనే ఉండదు.

డ్రమ్ముకు పట్టిన ఉప్పు వదలడానికి డీస్కేలింగ్ పొడి వేసి, బట్టలు లేకుండా టబ్ క్లీన్ నడపండి. మా నీళ్లకు నెలకోసారి తప్పదు, నీళ్లు మంచివైతే రెండు మూడు నెలలకోసారి. ఆ పొడిలో ఉండేది సాధారణంగా పుల్లటి రసాయనమే, అంటే యాసిడ్. దాంతోపాటు బ్లీచింగ్ గానీ, బ్లీచ్ ఉన్న ద్రావణం గానీ పొరపాటున కూడా కలపొద్దు, విషవాయువు క్లోరిన్ పుడుతుంది. బ్లీచ్ వేసిన రోజు డీస్కేలింగ్ పెట్టుకోవద్దు, మధ్యలో మామూలు నీళ్లతో ఒకటి రెండు ఉతుకులు పోనివ్వండి.

వారంటీ కాగితం మీద పెద్ద అక్షరాల్లో కనపడే పదేళ్లు సాధారణంగా మోటారుకే. మొత్తం మిషన్‌కు ఎన్నేళ్లో కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, బిల్లు తీసుకునేటప్పుడే చదవండి. వెనక అంటించిన సీరియల్ నంబరును, బిల్లును ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి, వేడితో అచ్చయ్యే థర్మల్ కాగితం మీది అచ్చు ఏడాది తిరక్కుండానే వెలిసిపోవచ్చు.