మార్డి గ్రాకి కారులో వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

మార్డి గ్రా అంటే న్యూ ఆర్లీన్స్‌లో శకటాల ఊరేగింపులతో జరిగే కార్నివాల్ పండుగ. 2027లో అది ఫిబ్రవరి 9, మంగళవారం. హ్యూస్టన్ నుంచి ఐ-10 హైవే మీద న్యూ ఆర్లీన్స్ దాదాపు 350 మైళ్లు.

– ఊరేగింపు దారిలో కారు పెట్టొద్దు. పరేడ్‌కి 2 గంటల ముందు నుంచి, అయిపోయాక 2 గంటల దాకా అక్కడ పార్కింగ్ నిషేధం. ఖాళీగా ఉంది కదా అని పెడితే టో చేసి పట్టుకుపోతారు. జరిమానా, టో ఖర్చు, పైగా సగం రోజు దండగ.

– పెద్ద పరేడ్‌లు ఎక్కువగా సెయింట్ చార్లెస్ అవెన్యూ మీదుగా వెళ్తాయి. మీ హోటల్ దానికి ఏ పక్కనో మ్యాప్‌లో చూడండి. పరేడ్ మొదలయ్యాక కారు అటు నుంచి ఇటు దాటదు. ఆ దారిలో స్ట్రీట్‌కార్ (ట్రామ్) కూడా అప్పుడు నడవదు.

– పిల్లలుంటే సెయింట్ చార్లెస్ అవెన్యూ ఉన్న అప్‌టౌన్ వైపే నిలబడండి. పాత ఊరు ఫ్రెంచ్ క్వార్టర్‌లోని బోర్బన్ స్ట్రీట్‌లో అంతా తాగేవాళ్ల గోల. పెద్ద శకటాలు 1973 నుంచి ఫ్రెంచ్ క్వార్టర్ ఇరుకు వీధుల్లోకి రావడమే లేదు.

– శకటాల మీంచి జనంలోకి పూసల దండలు విసురుతారు. కింద పడ్డ దండ మీద ముందు కాలు వేయండి, తర్వాత వంగండి. చెయ్యి పెడితే వేళ్లు తొక్కేస్తారు. శకటం కిందికి దొర్లితే వదిలేయండి.

– చిల్లర నోట్లు ఉంచుకోండి. దారి పక్క చర్చిలు డబ్బు తీసుకుని బాత్‌రూమ్ వాడుకోనిస్తాయి. సందులో కానిచ్చేస్తే అరెస్టు చేయొచ్చు. వీసా మీద ఉన్నవాళ్లకి ఆ టెన్షన్ ఎందుకు!